పలాస రోజులు

దయమ్మ పోయిన రోజు కూడా అనూష తొమ్మిది గంటలకు లాగిన్ అయింది.

నా భార్యను తెల్లవారాక పలాస ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. ముందు గదిలో పడుకోబెట్టాం. సంఘం ఆడవాళ్ళు వచ్చి చాపలు పరుచుకుని కూర్చున్నారు. పాస్టరు గారికి కబురు వెళ్ళింది. సమాధి తవ్వడానికి మనుషులు వెళ్ళారు. అనూష కాసేపు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, గోడ గడియారం చూసి, లేచి వంటింటి వెనక గదిలోకి వెళ్ళింది. బంధువులకు ఫోన్లు చేస్తోందని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళినప్పుడు చూశాను. బియ్యం డబ్బా మీద లాప్‌టాప్ పెట్టుకుని, నిలబడే ఏదో టైపు చేస్తోంది.

"ఒక్క రిపోర్టు నాన్నా. పంపేసి వస్తాను" అంది.

పంపేసి వచ్చింది. మళ్ళీ ఒకసారి వెళ్ళి వచ్చింది. సాయంత్రం సమాధి దగ్గర నా పక్కనే నిలబడింది. ఏడవలేదు. నేనూ అందరిముందు ఏడ్చే మనిషిని కాను కాబట్టి అది నాకు వింతగా అనిపించలేదు.

మా అమ్మాయి హైదరాబాదులో ఒక కంపెనీకి పని చేస్తుంది. ఇంగ్లండులో దుకాణాలకు వెళ్ళవలసిన సరుకు ఏ గోదాములో ఎంత ఉందో ఇక్కడి నుంచి చూసి చెప్పే పని. కరోనా రోజుల్లో అందరిలాగే ఇంటికి వచ్చేసింది. తర్వాత కంపెనీ అందరినీ ఆఫీసుకు రమ్మంది. అప్పటికి దయమ్మ కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఈ జబ్బు గురించి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. హైదరాబాదు వాళ్ళకు మాత్రం అనూష అంతా రాసి పంపింది. తల్లికి డయాలసిస్ జరుగుతున్నంత కాలం ఇంటి నుంచే పని చేసుకోవచ్చని వాళ్ళు జవాబిచ్చారు. ఆ వాక్యం అనూష మాకు చదివి వినిపించింది. "ఎంత మంచోలమ్మా" అంది దయమ్మ. "జరుగుతున్నంత కాలం" అన్న మాటలో ఏముందో అప్పుడు మేం ఎవరం ఆలోచించలేదు.

అప్పటి నుంచి మా ఇంటి రోజు అనూష మీటింగుల చుట్టూ తిరిగింది. మిక్సీ వేయాలంటే ముందు అనూష గది తలుపు చూడాలి. తలుపు వేసి ఉంటే మిక్సీ లేదు, పప్పు తాలింపూ లేదు. దయమ్మ ఇంట్లో గుసగుసగా మాట్లాడడం నేర్చుకుంది. కొన్నాళ్ళకు తలుపు తీసి ఉన్నప్పుడు కూడా గుసగుసగానే మాట్లాడేది. చేపలు తెచ్చే బొడ్డమ్మ కేక వేస్తే వీధి చివరి దాకా వినిపించేది. ఒకసారి ఆ కేక మీటింగులో అందరికీ వినిపించింది. అనూష బయటికి వచ్చి బతిమాలింది.

"ఓలమ్మ, కేకెయ్యకపోతే నాను సేపలెలాగ అమ్మీది?" అంది బొడ్డమ్మ. "మీ ఆఫీసోలకి ఏటి కావాలో అడుగు, ఆలకీ ఏత్తాను."

మర్నాటి నుంచి మా గుమ్మం దగ్గర మాత్రం కేక మానేసి, మిస్‌డ్ కాల్ ఇవ్వడం మొదలుపెట్టింది.

వారానికి మూడు ఉదయాలు పలాసలో డయాలసిస్. ఆటోలో తల్లీకూతుళ్ళు చీకటితో బయలుదేరేవాళ్ళు. నేను స్కూల్లో నా పాఠాలు చూసుకునేవాణ్ణి. అక్కడ అనూష మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని పని చేసేది. కంపెనీ క్యాలెండరులో ఆ మూడు ఉదయాలకూ రంగు వేసి "పలాస" అని రాసి పెట్టింది. ఆ గంటల్లో ఎవరూ పెద్ద మీటింగులు పెట్టేవారు కాదు. హైదరాబాదులో, పుణెలో, ఎప్పుడూ మా జిల్లా చూడని వాళ్ళు కూడా "అనూషకి ఇవాళ పలాస" అనుకునేవారట. దయమ్మకు ఆ మాట చాలా ఇష్టం. నర్సులకు చెప్పి నవ్వేది.

దయమ్మ పోయిన సంగతి అనూష ఆఫీసులో చెప్పలేదు.

మొదటి వారం నాకు తెలియలేదు. సోమవారం ఉదయం నేను వసారాలో బూట్లు వేసుకుంటూ ఉండగా లోపల మీటింగు మొదలైంది. అనూష పై అధికారి పేరు సుష్మ. గుంటూరు వైపు మనిషి. ప్రతి సోమవారం పని మొదలుపెట్టే ముందు అనూషను ఒక మాట అడుగుతుంది. ఆ రోజు కూడా అడిగింది.

"అమ్మ ఎలా ఉన్నారు అనూషా?"

"స్టేబుల్ మేడమ్" అంది అనూష.

నేను రెండో బూటు వేసుకోకుండా కాసేపు కూర్చుండిపోయాను. తర్వాత వేసుకుని స్కూలుకు వెళ్ళాను. మాకూ తొమ్మిదిలోపు ఫోనుకు మొహం చూపించి హాజరు వేయించుకోవాలి. గెడ్డం పెరిగిపోయి ఉండడం వల్ల ఆ వారమంతా ఫోను నన్ను ఒప్పుకోవడానికి ఇబ్బంది పెట్టింది. చివరికి ఒకరోజు మా హెడ్మాస్టరు మల్లేశ్వరరావు పక్కన నిలబడి, "గెడ్డం తీసీండి మాస్టారూ. నానైతే మిమ్మల్ని పోల్చగల్ను గానీ అది పోల్చలేదు గదా" అన్నాడు. ఆ రోజు సాయంత్రం గీయించుకున్నాను.

మరుసటి పలాస రోజు ఉదయం అనూష గదిలోకి టీ తీసుకుని వెళ్ళాను. కిటికీ పక్క గోడకు తెల్ల దుప్పటి కట్టి ఉంది. మేకులకు తాడు కట్టి, దాని మీద దుప్పటి వేసి, ముడతలు పోయేలా కింద బరువు పెట్టింది. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఎవరైనా కెమెరా ఆన్ చెయ్యమంటే వెనక ఆసుపత్రి కాదు, మన గోడ కనిపిస్తుంది నాన్నా" అంది, నా వైపు చూడకుండా.

"చెప్పేయొచ్చు కదమ్మా."

"ఏమని చెప్పాలి? ఎప్పుడు పోయారు అని అడుగుతారు. ఆ రోజు నేను రిపోర్టు పంపాను. తర్వాత సోమవారం బాగుందన్నాను. ఇప్పుడు చెప్తే ముందు అనుమతి పోతుంది, తర్వాత ఉద్యోగం పోతుంది."

"నా గురించి ఆలోచించకు. హైదరాబాదు రమ్మంటే వెళ్ళు. నేను వండుకోగలను."

"నీ గురించి కాదు నాన్నా." టీ గ్లాసు అందుకుంది. "నాకు ఇక్కడ ఉండాలని ఉంది. అక్కడ హాస్టల్లో నలుగురం ఒక గది. క్యాబులో పోవడం, క్యాబులో రావడం. ఇక్కడ పొద్దున్నే తోటలోంచి సముద్రం దాకా నడిచి వచ్చి కూర్చుంటే, మీటింగులో నా గొంతు నాకే బాగుంటుంది. అమ్మ కోసం వచ్చాను, నిజమే. కానీ నాకు పడింది. అమ్మతోపాటు అది కూడా పోవాలంటే..."

లాప్‌టాప్‌లో గంటలాంటి చప్పుడు వచ్చింది. చెవిలో పెట్టుకుని, "గుడ్ మార్నింగ్" అంది. ఆసుపత్రిలో మాట్లాడినట్టే, గొంతు తగ్గించి మాట్లాడింది.

నేను బయటికి వచ్చేశాను. అబద్ధం చెప్పొద్దని పిల్లలకు చెప్పడమే నా ఉద్యోగం. ఆ తర్వాత వచ్చిన ప్రతి సోమవారం నేను బూట్లు పెరట్లో వేసుకున్నాను.

అనూష బాగా చిక్కిపోయింది. పలాస రోజుల్లో ఎప్పటిలాగే చీకటితో లేచి, తలకు పోసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా ఆ దుప్పటి ముందు కూర్చునేది. మిగతా రోజుల్లో కూడా కుర్చీలోంచి లేచేది కాదు. కాసేపు మీటలు నొక్కకపోతే పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పసుపు రంగులోకి మారుతుంది. ఇంతకుముందు ఆ పసుపుకు ఒక కారణం ఉండేది, అడిగినవాళ్ళకు చెప్పేది. ఇప్పుడు కారణం లేదు కాబట్టి అది పసుపు కాకూడదు. అన్నం తింటూ ఎడమ చేత్తో మౌసు కదిపేది.

ఒకరోజు చూడలేక ఇమ్మానుయేలుకు చెప్పాను. ఇమ్మానుయేలు దయమ్మకు పినతల్లి కొడుకు. నౌపడలో రైల్వేలో చేసి రిటైరయ్యాడు. మా సంఘానికి పెద్ద. నేను ఎక్కువ చెప్పలేదు. తల్లి పోయిన రోజు కూడా పని చేసిందని, ఆఫీసులో చెప్పలేదని, ఇక్కడి నుంచి పని చేసుకోనివ్వరేమోనని భయపడుతోందని, పై అధికారి సుష్మ అని. "ప్రార్థనలో పెట్టు" అన్నాను.

"పెడతాను బావా. దానికేటి" అన్నాడు. "దేవుడికి సెప్తే ఎవులికీ సెప్పినట్టు కాదు గదా."

మా సంఘంలో ఎవరింట్లోనైనా మనిషి పోతే కొన్నాళ్ళపాటు ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. ఆ శుక్రవారం వీధిలో కరెంటు పోయింది. ఇన్వర్టరు ప్లగ్గు ముందు గదిలో ఒక్కటే ఉంది. అనూషకు లండన్ వాళ్ళతో మీటింగు ఉంది, సుష్మ కూడా అందులో ఉంది. లాప్‌టాప్ తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టుకుంది. తను చెప్పవలసింది చెప్పేసింది. ఇక వినడమే మిగిలింది. కెమెరా ఆపి, మైకు కూడా ఆపి, ఒక చెవిలో మాత్రం చిన్న ఇయర్‌ఫోను ఉంచుకుని చున్నీ తలమీదకి లాక్కుంది. అప్పటికి ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు.

పాట అయ్యాక అందరం మోకరించాం. ఇమ్మానుయేలు మాత్రం లేచి నిలబడ్డాడు. అతనికి చెయ్యి పెట్టి ప్రార్థించే అలవాటు. జ్వరం వచ్చిన పిల్లల నుదుటి మీద పెడతాడు. కొత్త బండి ట్యాంకు మీద పెడతాడు. మా వీధిలో కుట్టుమిషను కొన్నా, బోరుకు మోటారు దించినా ముందు ఆ చెయ్యి పడాలి. ఆ సాయంత్రం ఒక చెయ్యి అనూష తలమీద పెట్టాడు. రెండో చెయ్యి, ఆమె పని చేసుకునే వస్తువు కదా అని, లాప్‌టాప్ మీద పెట్టాడు. రైల్వేలో సుత్తి పట్టిన చెయ్యి. మీటల మీద సగం దాకా పరుచుకుంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ," అని మొదలుపెట్టాడు. ప్రార్థనలో అతని భాష మారుతుంది, గొంతు కూడా పెరుగుతుంది. "నీ దాసురాలు దయమ్మను నీ దగ్గరకు పిలుచుకున్నావు. నీ చిత్తమునకు వందనాలు. ఈ బిడ్డను చూడు తండ్రీ. తల్లి లేదన్న మాట ఆఫీసులో చెప్పుకోలేక లోలోపల నలిగిపోతూ ఉంది. తల్లి దేహం ఇంట్లో ఉండగా కూడా పని చేసింది ప్రభువా. ఆమె పైన ఉన్న సుష్మ గారి హృదయాన్ని మెత్తన చేయుము. ఆ తల్లి పిల్లాపాపలను దీవించుము. ఈ బిడ్డను ఈ ఇంటి నుండే పని చేసుకోనిమ్ము తండ్రీ."

ఇంకా చాలాసేపు చేశాడు. వీధికి కరెంటు రావాలని కూడా చేశాడు. అందరం ఆమెన్ అన్నాం.

అనూష మాత్రం అనలేదు. తర్వాత చెప్పింది. ప్రార్థన మధ్యలో చెవిలో లండన్ మనిషి మాట ఆగిపోయిందట. నెట్ పోయిందనుకుందట. ఆమెన్ అన్నాక ఆ మనిషి ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా, "థాంక్యూ" అన్నాడట. అప్పుడు కళ్ళు తెరిచి చూసింది. ఇమ్మానుయేలు చెయ్యి ఇంకా లాప్‌టాప్ మీదే ఉంది. తెర మీద తన పేరు చుట్టూ మాట్లాడుతున్నవాళ్ళకు వచ్చే గీత వెలుగుతోంది. ఆ చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టింది. గీత పోయింది. దాని కింద సుష్మ పంపిన సందేశం ఉంది. ప్రార్థన అయ్యాక ఫోన్ చెయ్యి అని.

ఆడవాళ్ళు టీ గ్లాసులు అందుకుంటున్నారు. అనూష మొహం చూసి నేను దగ్గరకు వెళ్ళాను. సంగతి చెప్పింది. ఇమ్మానుయేలు విన్నాడు.

"నానేటీ నొక్కలేదమ్మా" అన్నాడు. "ఊరికే సెయ్యేసినాను."

"ఆ పొడుగు మీట నొక్కి ఉంచితే మైకు తెరుచుకుంటాది మావయ్యా. మీరు మొదట్నుంచి చివరి దాకా నొక్కే ఉంచారు."

"అయితే అంతా ఇన్నారేటి?"

"కరెంటు సంగతి కూడా."

ఇమ్మానుయేలు కాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు. "పైకి పంపినాను. పక్కకి ఎల్లిపోనాది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తనూ నవ్వించడానికి అనలేదు.

అనూష వంటింట్లోకి వెళ్ళి పొయ్యి గట్టు మీద ఫోను పెట్టింది. "నువ్వుండు నాన్నా" అని స్పీకరు వేసింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది, క్లాసులో తప్పు చేసిన పిల్లలా.

"అనూషా. ప్రార్థన చేసినాయన ఎవరు?" సుష్మ గొంతు నెమ్మదిగానే ఉంది.

"మా మావయ్య, మేడమ్."

"నా పేరు కూడా వచ్చింది."

"సారీ మేడమ్."

"అమ్మగారు ఎప్పుడు పోయారు?"

అనూష తేదీ చెప్పింది. అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"ఆ రోజు నువ్వు నాకు రిపోర్టు పంపావు."

"అవును మేడమ్."

"నేను తిప్పి పంపాను. వరసలు తారుమారయ్యాయి, కళ్ళు పెట్టుకుని చూడవా అని రాశాను. నువ్వు సరిచేసి మళ్ళీ పంపావు. ఇదిగో, ఇప్పుడే చూస్తున్నాను. ఎక్కడ కూర్చుని చేశావు?"

"వంటింటి వెనక. అమ్మ ముందు గదిలో ఉంది."

"ఆ మాట నాచేత అనిపించావు అనూషా నువ్వు. అలాంటి రోజున." గొంతు గట్టిపడింది. "ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది కదా. నన్ను ఏమనుకున్నావు?"

"అనుమతి పోతుందని, మేడమ్."

"పోవచ్చు. ఉండొచ్చు. నాకు తెలియదు. పైవాళ్ళకు జరిగింది జరిగినట్టే చెప్తాను, ఏదీ దాచను. నీ పని బాగుంటుందని కూడా చెప్తాను, అదీ నిజమే కాబట్టి. ఇన్ని సోమవారాలు నేను అడుగుతూనే ఉన్నాను. ఇక అడగనులే."

అప్పుడు అనూష ఏడ్చింది. నిలబడినచోటే ఒంగి, పొయ్యి గట్టు పట్టుకుని ఏడ్చింది. చప్పుడు విని ఆడవాళ్ళు వంటింట్లోకి వచ్చారు. బొడ్డమ్మ ఆమెను పట్టుకుని నేలమీద కూర్చోబెట్టింది. అవతల సుష్మ ఫోను పెట్టేయలేదు. నేను ఫోను చేతిలోకి తీసుకుని, "నేను అనూష తండ్రినండి" అన్నాను.

"నమస్కారమండి" అంది. "ఏడవనివ్వండి."

జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజులు మాకు తేలిగ్గానే గడిచాయి. ఉద్యోగం పోతే పోతుందన్న భయం ఉంది, కానీ ఇంట్లో మాట్లాడుకోవడానికి అడ్డం లేదు. అనూష గోడ మీద దుప్పటి విప్పేసింది. అన్నం ఎడమ చెయ్యి ఖాళీగా పెట్టుకుని తింది. ఒక సాయంత్రం క్యాలెండరు తెరిచి ఆ "పలాస" ఉదయాలను తీసేయబోతే, ఈ ఒక్క రోజుదేనా, ముందు వచ్చేవన్నీనా అని తెర మీద ప్రశ్న వచ్చింది. నా వైపు చూసింది. "అన్నీ" అన్నాను. నొక్కింది. తర్వాతి నెలకు తిప్పి చూస్తే ఉదయాలన్నీ తెల్లగా ఉన్నాయి. "ఇప్పుడు మీటింగులు పెట్టి చంపుతారు" అంది. దయమ్మ పోయాక తను వేళాకోళంగా మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

కంపెనీ వాళ్ళు సంగతి దాచినందుకు గట్టిగానే రాశారు. ఆ కాగితం మీద అనూష సంతకం చేసి పంపింది. ఉద్యోగం తీయలేదు. పాత అనుమతి రద్దయింది. దాని బదులు కొత్తది ఇచ్చారు. నెలలో ఒక వారం హైదరాబాదు వెళ్ళాలి, మిగతా రోజులు ఇక్కడి నుంచే చేసుకోవచ్చు. ఈసారి అందులో తల్లి సంగతి లేదు, జబ్బు సంగతి లేదు. అనూష పేరు, ఊరి పేరు మాత్రం ఉన్నాయి. నేను రెండుసార్లు చదివాను. ఇమ్మానుయేలుకు చెబితే, "మరి సెప్పినాను గదా" అన్నాడు. అతను చెప్పిందేమిటో నాకు గుర్తు లేదు, అయినా కాదనలేదు.

ఆ రోజు స్కూలు నుంచి వచ్చేసరికి అనూష నిద్రపోతోంది. పట్టపగలు, పనిరోజు, లాప్‌టాప్ మూసి ఉంది. జ్వరమేమోనని నుదురు తాకి చూశాను. చల్లగానే ఉంది. కళ్ళు తెరవకుండానే, "సగం రోజు సెలవు పెట్టాను నాన్నా" అని అటు తిరిగి పడుకుంది. నేను తలుపు దగ్గరగా వేసి, వసారాలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. చాలా రోజుల తర్వాత ఒక కట్ట పూర్తయింది.

తల్లి పోయినందుకు వచ్చే సెలవు ఆలస్యంగానైనా తీసుకోవాలని సుష్మ పట్టుబట్టింది. దానికి మరణ ధ్రువపత్రం జత చేయాలి. దయమ్మ ఆసుపత్రిలో పోయింది కాబట్టి ఆ పత్రం పలాస మున్సిపల్ ఆఫీసులో ఇస్తారు. భర్తగా నేను వెళ్ళి సంతకం పెట్టి తీసుకోవాలి. నేను ఇంకా వెళ్ళలేదు.